ఖాళీ తక్కెడ ఎత్తి చూపించు షావుకారూ



ఈ నెల గోడ పత్రికకు ఒక విజ్ఞాన వ్యాసం రాయమని నాకు చెప్పారు. మొదట సౌర కుటుంబం గురించి రాద్దామనుకున్నాను. అది పోయిన సంవత్సరం వచ్చింది, అంతకు ముందు సంవత్సరం కూడా వచ్చింది. కావున మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెప్పి, దాని మూలంగా నేను నేర్చుకున్నది రాస్తున్నాను. వెబ్‌సైట్లలో గానీ, ఫోనులో వచ్చే ఆన్‌లైన్ సేవల్లో గానీ మన వివరాలు, మన డబ్బులు పెట్టే ముందు ఏమేమి చూసుకోవాలి అన్నది విషయం. మా అన్నయ్యని అడిగే రాస్తున్నాను. "నా పేరు రాయకు. మిగతాదంతా రాసుకో" అన్నాడు.

మనకి హాస్టల్లో ఫోన్లు లేవు కదా, ఇది మనకెందుకు అని కొందరు అనుకోవచ్చు. సెలవులకు ఇంటికి వెళ్ళగానే ఏమవుతుందో గుర్తు తెచ్చుకోండి. అమ్మ ఫోను తెచ్చి మన చేతిలో పెట్టి "ఇందులో ఏటి రాశారో చదువు" అంటుంది. పక్కింటి పిన్ని కూడా తన ఫోను తెస్తుంది. ఇంట్లో చదువుకున్నది మనమే. మనం "ఇది నిజమే అమ్మా" అంటే వాళ్ళు నొక్కేస్తారు. మన ఇళ్ళలో ఎక్కువగా ఒక్కటే ఫోను ఉంటుంది. అమ్మ బ్యాంకు ఖాతా మెసేజీలు దానికే వస్తాయి, ఆధార్ ఓటీపీ దానికే వస్తుంది, పథకాల డబ్బులు పడ్డాయని తెలిసేదీ దానిలోనే. తమ్ముడు ఆటలాడేదీ దానిమీదే.

ముందు మా తాత సంగతి చెప్తాను. తాత సంతకి చింతపండు, పిప్పళ్ళు, అడ్డాకులు కావిడి వేసుకుని మోసుకెళ్ళేవాడట. గిరిజన సహకార సంస్థ 1956లోనే వచ్చింది గానీ, సంతలో షావుకార్లు ఎక్కడికీ పోలేదు. కొందరు షావుకార్లు రాళ్ళు పెట్టే పళ్ళెం అడుగున మైనం ముద్ద అంటించేవారు. ఆ మైనం ఎంత బరువుంటే అంత సరుకు మనవాళ్ళు ఊరికే ఇచ్చినట్టు. తాతకి చదువు రాదు, లెక్కలు రావు. కానీ సరుకు వెయ్యకముందే "ఖాళీ తక్కెడ ఎత్తి చూపించు షావుకారూ" అనేవాడు. ముల్లు మధ్యలో నిలబడితేనే మూట విప్పేవాడు. "నా మీద నమ్మకం లేదేటి?" అని షావుకారు కోప్పడేవాడట. "నీ మీద నమ్మకమే బాబూ, తక్కెడ మీదే అనుమానం" అనేవాడట తాత. షావుకారు ఇంకో మాట కూడా అనేవాడు: "తొందరగా వెయ్యి, నా లారీ వెళ్ళిపోతాది." అలా అన్నప్పుడు తాత మూట మళ్ళీ కట్టేసేవాడట.

ఇప్పుడు మా అన్నయ్య సంగతి. అన్నయ్య ఇంటరు పాసయ్యాడు, డిగ్రీ మధ్యలో ఆపేశాడు. ఈ ఏడాది మార్చి నెలలో వాట్సాప్ గ్రూపులో ఒక లింకు వచ్చింది. ఒక ప్రభుత్వ శాఖలో ఆఫీసు అసిస్టెంటు ఉద్యోగాలు, పదో తరగతి చాలు, రాత పరీక్ష లేదు, గిరిజన అభ్యర్థులకు ప్రాధాన్యం అని ఉంది. లింకు నొక్కితే పేజీ తెరుచుకుంది. పైన మూడు సింహాల బొమ్మ, ఒక పెద్ద ఆఫీసు ఫోటో ఉన్నాయి. కింద ఒక గడియారం వెనక్కి తిరుగుతున్నది, "ఇంకా 14 పోస్టులే మిగిలి ఉన్నవి" అని ఎర్ర అక్షరాలు. షావుకారు లారీ ఇదే అని నాకు ఇప్పుడు తెలుస్తున్నది. అప్పుడు ఎవరికీ తోచలేదు.

అన్నయ్య పేరు, నాన్న పేరు, కులం సర్టిఫికెట్టు నంబరు నింపాడు. ఆధార్ కార్డు ఫోటో, అమ్మ బ్యాంకు పుస్తకం మొదటి పేజీ ఫోటో పెట్టాడు. రిజిస్ట్రేషను ఫీజు 399 రూపాయలు కట్టాడు. రెండు రోజులకి ఫోను వచ్చింది. మాట్లాడినవాడు చాలా మర్యాదగా "మీరు సెలక్టు అయ్యారండీ" అన్నాడట. గుండ్రని సీలు వేసిన ఉత్తరం వాట్సాప్‌లో వచ్చింది. ట్రైనింగు సామాను, యూనిఫారం కోసం 2,450 రూపాయలు అన్నారు. కట్టాడు. తరువాత మెడికల్, పోలీసు వెరిఫికేషన్, 6,000 రూపాయలు, తిరిగి ఇచ్చేస్తాం అన్నారు. అది కూడా కట్టాడు. ఆ తరువాత ఫోను స్విచ్ ఆఫ్. పేజీ ఇంకో వారం తెరుచుకుంది, తరువాత అదీ లేదు.

మొత్తం 8,849 రూపాయలు. అవి మిరియాలు అమ్మిన డబ్బులు. ఇంటి మీద రేకులు మార్చాలని అమ్మ దాచింది. ఈ వానాకాలం మా ఇంటి మీద బరకం కప్పి ఉన్నది.

వేసవి సెలవులకు వెళ్ళినప్పుడు ఫోనులో పాత మెసేజీలు చదువుతుంటే నాకు ఈ మూడు లెక్కలు కనపడ్డాయి. "ఏటన్నా ఇవి?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "డబ్బులు పోనాయిరా. అమ్మకి చెప్పకు" అన్నాడు. అప్పటికి చివరిసారి కట్టి 41 రోజులు. ఆ 41 రోజులూ అమ్మ ఉద్యోగం ఉత్తరం కోసం ఎదురు చూస్తూనే ఉంది. అన్నయ్యకి తెలివి లేక కాదు. మా ఊళ్ళో అందరి దరఖాస్తులూ నింపేది ఆయనే. అందుకే చెప్పుకోవడానికి మరీ సిగ్గుపడ్డాడు.

డబ్బు కట్టేటప్పుడు ఫోనులో ఎదుటి మనిషి పేరు కనపడుతుంది కదా, అది చూశావా అని అడిగాను. "చూసినాను. ఎవరో ఒక మనిషి పేరు ఉంది. ఆఫీసులో గుమస్తా అయుంటాడు అనుకున్నాను" అన్నాడు. ఈ మాట నేను మరిచిపోలేను. ఆయనకి అనుమానం వచ్చింది. వచ్చిన అనుమానానికి ఆయనే సమాధానం చెప్పేసుకున్నాడు.

స్కూలు తెరిచాక మా కంప్యూటరు సారుని అడిగాను. సారు ఒక పీరియడంతా దీనికే ఇచ్చి మా తరగతికి చూపించారు. మిగతా తరగతుల వాళ్ళ కోసం అది ఇక్కడ రాస్తున్నాను. వెబ్‌సైటు పేర్లు పలికినట్టే తెలుగులో రాస్తున్నాను, నోటికి వస్తే కంటికి పట్టుకోవడం సులువు.

సారు అన్నింటికంటే ముందు చిరునామా చదవడం నేర్పించారు. మన ఇంటికి ఉత్తరం రాసేటప్పుడు ఏమి రాస్తాము? పేరు, ఊరు, మండలం, జిల్లా, రాష్ట్రం. చిన్నది ముందు, పెద్దది చివర. వెబ్‌సైటు చిరునామా కూడా అంతే. కాబట్టి దాన్ని కుడి వైపు నుంచి వెనక్కి చదవాలి. పదో తరగతి ఫలితాలు ఇచ్చే మన బోర్డు చిరునామా చూడండి: బీఎస్‌ఈ డాట్ ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్. చివర "ఇన్" అంటే ఇండియా. దాని ముందు "జీఓవీ" అంటే ప్రభుత్వం. దాని ముందు "ఏపీ" అంటే మన రాష్ట్రం. దాని ముందు బోర్డు. తెలంగాణ వాళ్ళకైతే ఏపీ ఉన్నచోట తెలంగాణ అని ఉంటుంది.

ఇందులో కీలకం "జీఓవీ డాట్ ఇన్" అనే తోక. ఆ తోకని ప్రభుత్వ కార్యాలయాలకి మాత్రమే ఇస్తారు, డబ్బు పెట్టి ఎవరూ కొనుక్కోలేరు. డాట్ కామ్, డాట్ ఆన్‌లైన్, ఒట్టి డాట్ ఇన్ మాత్రం ఎవరైనా కొన్ని వందల రూపాయలతో కొనుక్కోవచ్చు. నేను కూడా కొనుక్కోవచ్చు. దొంగలు ఏం చేస్తారంటే, జీఓవీ అనే మాటని తోకలో పెట్టలేరు గనుక తలలో పెడతారు. అన్నయ్య తెరిచిన పేజీ చిరునామాలో ఏపీ ఉంది, జీఓవీ ఉంది, మధ్యలో అడ్డగీతలు ఉన్నాయి, చివర మాత్రం డాట్ ఆన్‌లైన్ అని ఉంది. ఉత్తరం మీద "రాష్ట్రపతి భవన్ వీధి, ఫలానా ఊరు" అని రాసుకున్నట్టు. వీధికి ఆ పేరు పెట్టుకుంటే రాష్ట్రపతి అక్కడికి వచ్చి ఉండరు కదా!

చివర అంటే ఎక్కడ? ఇది చాలామంది పొరబడే చోటు. చిరునామా పొడుగ్గా ఉండి మధ్యలో ఏటవాలు గీత వస్తుంది. ముందు ఉండే రెండు జంట గీతలు వదిలేసి, తరువాత వచ్చే మొదటి ఏటవాలు గీత దగ్గర ఆగాలి. దాని ఎడమ పక్కనున్నదే తోక. గీత తరువాత ఏమైనా రాసుకోవచ్చు, దానికి విలువ లేదు. ఫోనులో ఒక్కోసారి చిరునామా సగమే కనపడుతుంది, పైన పట్టీ మీద వేలితో నొక్కితే మొత్తం వస్తుంది.

అలాగని జీఓవీ లేనివన్నీ దొంగవి అనుకోరాదు. రైలు టిక్కెట్లు ఇచ్చే ఐఆర్‌సీటీసీ చిరునామా చివర "సీఓ డాట్ ఇన్" ఉంటుంది, అది నిజమైనదే. బ్యాంకుల సంగతి వేరు. బ్యాంకుల వెబ్‌సైట్లన్నీ 2025 అక్టోబరు 31 లోపు "బ్యాంక్ డాట్ ఇన్" అనే తోకలోకి మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ తోకని ఇచ్చేది హైదరాబాదులో ఉన్న ఐడీఆర్‌బీటీ అనే సంస్థ, బ్యాంకులకు తప్ప ఇంకెవరికీ ఇవ్వదు. కాబట్టి అమ్మ ఖాతా ఉన్న బ్యాంకు పేరుతో వచ్చిన లింకులో ఆ తోక లేకపోతే ముట్టుకోకుండా వదిలేయండి. బ్యాంకుకి వెళ్ళి అడగండి. దూరమే, నాకూ తెలుసు. మా ఊరి నుంచి రానూ పోనూ ఒక రోజు కూలి పోతుంది. అయినా సరే.

తాళం గుర్తు సంగతి. చిరునామా పక్కన కొన్ని ఫోన్లలో చిన్న తాళం కప్ప బొమ్మ కనపడుతుంది. అది ఉంటే మంచి వెబ్‌సైటు అని మా తరగతిలో అందరం అనుకునేవాళ్ళం, పరీక్షలో కూడా అలాగే రాశాము. సారు దానికి ఇలా చెప్పారు. ఉత్తరం కవరుకి బంక అంటిస్తే దారిలో ఎవరూ విప్పి చదవలేరు. అంతవరకే దాని పని. ఆ ఉత్తరం అందుకునేవాడు మంచివాడా దొంగవాడా అన్నది బంకకి తెలియదు. దొంగ వెబ్‌సైటు కూడా తాళం పెట్టుకుంటుంది. అన్నయ్య తెరిచిన దానికీ తాళం ఉందట.

గూగుల్‌లో వెతికితే పైన వచ్చిందే నిజమైనది అనుకోవడం ఇంకొక పొరపాటు. పైన "స్పాన్సర్డ్" అని చిన్న అక్షరాలతో ఉన్నవి డబ్బు కట్టి వేయించుకున్న ప్రకటనలు. సంతలో ముందు వరుసలో దుకాణం పెట్టుకున్నవాడు ఎక్కువ సుంకం కట్టినవాడు మాత్రమే, మంచి సరుకు ఉన్నవాడని కాదు. ముఖ్యంగా కస్టమర్ కేర్ నంబర్ల కోసం అలా వెతకొద్దు. దొంగలు తమ నంబర్లనే బ్యాంకు నంబర్లని రాసి పెడుతుంటారు. బ్యాంకు నంబరు పాస్ పుస్తకం మీదా, ఏటీఎం కార్డు వెనకా ఉంటుంది, అదే వాడాలి.

సరే, చిరునామా చూశాము. తరువాత వాళ్ళు ఏమి అడుగుతున్నారో చూడాలి. ఉద్యోగం ఇచ్చేవాడు మనకి జీతం ఇవ్వాలి గానీ మన దగ్గర యూనిఫారం డబ్బులు తీసుకోకూడదు. పరీక్ష ఫీజులు ఉంటాయి, నిజమే. కానీ అవి ఒక మనిషి ఫోను నంబరుకి పంపించేవి కావు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షలకు మామూలు అభ్యర్థులకు ఫీజు 100 రూపాయలు, మన ఎస్టీ అభ్యర్థులకు అసలు ఫీజే లేదు. ఆ కమిషన్ చిరునామా ఎస్‌ఎస్‌సీ డాట్ జీఓవీ డాట్ ఇన్. స్కాలర్‌షిప్పుల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన పోర్టల్లో దరఖాస్తు చేసుకోవడానికి కూడా డబ్బు కట్టనక్కర లేదు. "మీకు స్కాలర్‌షిప్పు వచ్చింది, విడుదల చెయ్యడానికి 500 పంపండి" అని ఎవరైనా అంటే, వచ్చిన డబ్బులోంచే 500 తగ్గించుకుని మిగతాది పంపమనండి. ఇది సారు చెప్పిన చిట్కా. మేమంతా చప్పట్లు కొట్టాము.

యూపీఐ గురించి ఒక్కటి గట్టిగా పట్టుకోండి. పిన్ను కొడితే డబ్బు మన దగ్గర నుంచి పోతుంది. డబ్బు రావడానికి పిన్ను అవసరం లేదు. "మీకు డబ్బు వేస్తున్నాము, ఈ బొమ్మ స్కాన్ చేసి పిన్ను కొట్టండి" అన్నవాడు దొంగ, ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు. పిన్ను కొట్టే ముందు పైన కనపడే పేరుని ఆగి చదవండి. ఆఫీసుకి కడుతున్నప్పుడు మనిషి పేరు వస్తే ఆగిపోవాలి. ఓటీపీ కూడా అంతే. ఎవరికీ చెప్పొద్దు అని ఆ మెసేజీలోనే రాసి ఉంటుంది. చదివి అమ్మకి చెప్పవలసినది మనం.

వెబ్‌సైటు మీద వాళ్ళ ఆఫీసు ఎక్కడుందో, ఎవరు నడుపుతున్నారో కూడా చూడాలి. అన్నయ్య చూసిన పేజీలో ఒక సెల్ నంబరు, ఒక జీమెయిల్ తప్ప ఇంకేమీ లేదు. ప్రభుత్వ శాఖకి జీమెయిల్ ఎందుకు?

ఇంక ఫ్రీ అనే మాట. మనలో చాలామందికి సెలవుల్లో వచ్చే లింకు ఇది: ఫ్రీ రీఛార్జి కావాలంటే పది గ్రూపులకు పంపండి. నేను కూడా పంపించాను, దాచుకోవడం ఎందుకు. రీఛార్జి రాలేదు. ఆ పేజీ నా చేత పేరు, పుట్టిన తేదీ, అమ్మ ఫోను నంబరు నింపించుకుంది. అవి ఎవరి దగ్గర ఉన్నాయో ఇప్పుడు చెప్పలేను. తరువాత అమ్మకి తెలియని నంబర్ల నుంచి ఫోన్లు వచ్చాయి. నా వల్లనే అని అమ్మకి ఈ గోడ పత్రిక చదివినా తెలియదు, అమ్మకి చదవడం రాదు. దసరాకి వెళ్ళినప్పుడు నేనే చెప్పాలి.

ప్లే స్టోరులో ఉన్న యాప్ కూడా ఏమేమి అనుమతి అడుగుతున్నదో చూడాలి. టార్చి లైటు యాప్‌కి మన ఫోనులో ఉన్న నంబర్ల పట్టికతో పని ఏమిటి? అప్పు యాప్‌లు అలాగే నంబర్లు లాక్కుని, అప్పు తీర్చలేదని చుట్టాలందరికీ ఫోన్లు చేసి పరువు తీశాయి. 2020లో తెలంగాణలో, మన దగ్గర కూడా ఇది పెద్ద గొడవ అయి పోలీసు కేసుల దాకా వెళ్ళింది. అప్పు యాప్‌లు ఫోనులోని నంబర్లు, ఫోటోలు, కాల్ వివరాలు ముట్టుకోకూడదని 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఉత్తర్వులు ఇచ్చింది. కాబట్టి ఇప్పుడు ఏ అప్పు యాప్ అయినా నంబర్ల పట్టిక అడిగిందంటే అది ఉత్తర్వు లెక్క చేయనిదని వెంటనే తెలిసిపోతుంది. ఇక పథకం పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే అనే ఫైలుని అసలు నొక్కకూడదు. అది ఫోనులో దిగిందంటే మన మెసేజీలు వాడు చదివే ప్రమాదం ఉంది, ఓటీపీతో సహా. అప్పుడు మనం నోరు విప్పకపోయినా లాభం లేదు.

వేలిముద్ర మిషను సంగతి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. ఊళ్ళోకి మిషను పట్టుకుని వచ్చి డబ్బులు తీసి ఇచ్చే వాళ్ళు ఉంటారు, వాళ్ళ వల్ల అవ్వలకి, తాతలకి చాలా మేలు. కానీ దానికి పిన్ను లేదు, ఓటీపీ లేదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలు ఉంటే చాలు. "పడలేదు, మళ్ళీ వెయ్యి" అని రెండోసారి వేలు పెట్టించుకుంటే, మొదటిసారి నిజంగా పడలేదా అని మిషను తెర మీద చూడాలి, చీటీ అడగాలి. ఆధార్ వాళ్ళ వెబ్‌సైటులో గానీ యాప్‌లో గానీ వేలిముద్రలకి తాళం వేసుకోవచ్చు, కావలసినప్పుడు తీసుకోవచ్చు. ఆధార్ వాళ్ళ నంబరు 1947, స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరమే గనుక మరిచిపోము.

ఇన్ని చూసుకున్నా డబ్బు పోవచ్చు. అప్పుడేమి చెయ్యాలో తెలియకనే మా ఇంట్లో 41 రోజులు పోయాయి. సచివాలయంలో పనిచేసే ఒక అక్క మాకు చెప్పింది, 1930 కి ఫోను చెయ్యాలని. అది దేశమంతటికీ సైబర్ మోసాల కోసం పెట్టిన నంబరు. సైబర్ క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్ అనే చోట కూడా ఫిర్యాదు రాయవచ్చు. ఫోను చేస్తే ఏ బ్యాంకు, ఎంత, ఏ రోజు ఎన్ని గంటలకు, లావాదేవీ నంబరు ఎంత అని అడుగుతారు. ఆ నంబరు డబ్బు పంపిన మెసేజీలో ఉంటుంది, కావున మెసేజీలు చెరిపెయ్యకూడదు. అన్నయ్య సిగ్గుతో కొన్ని చెరిపేశాడు, అందుకని బ్యాంకుకి వెళ్ళి పుస్తకం ప్రింటు వేయించవలసి వచ్చింది.

ఎందుకు వెంటనే చెయ్యాలంటే, దొంగ డబ్బుని ఒక ఖాతాలో ఉంచడు. ఒకదాని నుంచి ఇంకోదానికి, అక్కడి నుంచి మరోదానికి మార్చి ఎక్కడో తీసేసుకుంటాడు. 1930 వాళ్ళు ఆ దారిలో ఉన్న బ్యాంకులకు కబురు పెట్టి డబ్బుని ఉన్నచోట ఆపిస్తారు. దారిలో ఉంటే ఆపగలరు, తీసేసుకున్నాక ఏమి ఆపుతారు? మా తరగతిలో ఒకతని మావయ్యకి 5,000 పోతే గంటలోపే ఫోను చేశారు, అందులో 3,200 ఆగాయి. మా అన్నయ్య ఫిర్యాదుకి నంబరు ఇచ్చారు, డబ్బు రాలేదు. ఆ డబ్బు పంపిన రోజే తీసేశారని చెప్పారు.

బ్యాంకుకి కూడా అదే రోజు చెప్పాలి. మన తప్పూ లేక, బ్యాంకు తప్పూ లేక మధ్యలో ఎవరో డబ్బు లాగేసినప్పుడు, మూడు పనిదినాల లోపు బ్యాంకుకి తెలియజేసిన ఖాతాదారుకి నష్టం ఉండకూడదని 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ఇచ్చింది. ఓటీపీ మనమే చెప్పేస్తే, తెలియజేసేదాకా పోయింది మన నష్టం, తెలియజేశాక పోయింది బ్యాంకు నష్టం అని కూడా అందులోనే ఉన్నది. రెండు విధాలా చూసినా నోరు మూసుకుని కూర్చున్న రోజులన్నీ మన లెక్కలోనే పడ్డాయి.

అమ్మకి చెప్పినది నేను కాదు, అన్నయ్యే చెప్పాడు. పొయ్యి దగ్గర కూర్చుని చెప్పాడు. అమ్మ తిట్టలేదు. "ముందే చెప్తే మీ నాయన, నేను ఇంకో రెండు రోజులు కూలికెళ్ళి ఉందుము గానీ, ఇన్నాళ్ళు తిండి మానేసి తిరిగావెందుకురా" అని మాత్రం అన్నది. అన్నయ్య ఇప్పుడు ఊళ్ళో ఎవరు లింకు తెచ్చినా మొదట చిరునామా వెనక్కి చదువుతున్నాడు. కిందటి నెల పక్క ఊరి ఇద్దరికి అదే రకం ఉద్యోగం పేజీ వస్తే ఆపాడు. వాళ్ళు కోప్పడ్డారట, తమకి ఉద్యోగం రావడం ఆయనకి ఇష్టం లేదని.

వార్డెన్ సారు గారికి ఒక మనవి. మెస్సు గోడ మీద పిల్లల సహాయం కోసం 1098 అని పెద్ద అక్షరాలతో రాయించారు. దాని పక్కన జాగా ఉన్నది. అక్కడ 1930 కూడా రాయించగలరు. ఆదివారాలు తల్లిదండ్రులు వచ్చి అక్కడే కూర్చుంటారు, చదువు రానివారికి మేము చదివి చెప్తాము. నీలం రంగు డబ్బాలో ఇంకా సగం మిగిలి ఉన్నది, నేను చూశాను. బ్రష్షు ఒక్కటి ఇప్పిస్తే అక్షరాలు మేమే వేస్తాము.

అక్షర దోషాలుంటే మన్నించగలరు.

ఇట్లు,
10వ తరగతి 'బి' సెక్షన్ విద్యార్థి